డ్రమ్ములో నీళ్లు, వీధిలో పొగ: తిరుపతికి డెంగీ ఏటా ఎందుకు తిరిగొస్తోంది

క్లుప్తంగా: డెంగీ దోమ పుట్టేది ఇంట్లో మూతలేని మంచినీళ్లలో, కుట్టేది పగలు, ఎగిరేది మామూలుగా వంద, రెండొందల మీటర్ల లోపే. మన జాగ్రత్తలు మాత్రం ఎక్కువగా మురిక్కాలవ చుట్టూ, రాత్రి చుట్టూ తిరుగుతుంటాయి. జబ్బు విషయంలోనూ ఇదే తిరకాసు. జ్వరం ఉన్నన్నాళ్లు టెన్షన్ పడి, అది తగ్గగానే ఊపిరి పీల్చుకుంటాం, అసలు గండం మొదలయ్యేది అప్పుడే.

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఒక వీధిలో రెండు డెంగీ కేసులు బయటపడితే ఆ తర్వాత జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. కాలవలో పూడిక తీస్తారు, గట్ల మీద బ్లీచింగ్ చల్లుతారు, చీకటి పడే వేళకి పొగబండి ఒక రౌండ్ వేస్తుంది, ఇళ్లలో జనం రాత్రికి కాయిల్ వెలిగించుకుని పడుకుంటారు. ఇవేవీ చెడ్డ పనులు కావు. కాకపోతే వీటిలో చాలావరకు వేరే దోమ మీద చేసే యుద్ధం.

కాలవ దోమ వేరు, డ్రమ్ము దోమ వేరు

రాత్రిపూట చెవి దగ్గర గుయ్యిమని నిద్ర చెడగొట్టేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. మురుగునీళ్లంటే దానికి ప్రాణం, బోదకాలు తెచ్చేది అదే. మలేరియా తెచ్చే అనాఫిలిస్ కూడా రాత్రి దోమే. డెంగీ తెచ్చే ఏడిస్ ఈజిప్టై వీటికి పూర్తిగా భిన్నం. నల్లటి ఒళ్లు, కాళ్లకు తెల్ల కట్లు, అందుకే మనవాళ్లు టైగర్ దోమ అంటారు. తెల్లారాక రెండు మూడు గంటలు, మళ్లీ పొద్దుగూకే ముందు దీని జోరెక్కువ. సైలెంటుగా వస్తుంది, మడమల దగ్గరో పిక్కల మీదో కుడుతుంది. కాస్త కదిలితే బెదిరి లేచి పక్కవాళ్ల మీద వాలుతుంది, అంటే ఒక్క పూట కడుపు నింపుకోవడానికి ముగ్గురు నలుగుర్ని కుట్టేస్తుంది. ఒకే ఇంట్లో వారం తిరక్కుండా అన్నకీ చెల్లికీ తల్లికీ వరసగా జ్వరం రావడానికి ఇదొక కారణం. తోటలు, చెట్లు ఎక్కువున్న పల్లెల్లో దీని చుట్టం ఏడిస్ ఆల్బోపిక్టస్ ఇదే పని చేస్తుంది.

మలేరియాకి దోమ కారణమని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాత దేశంలో దోమల నియంత్రణ యంత్రాంగం అంతా మలేరియా చుట్టూ పెరిగింది. ఈరోజుకీ జిల్లాలో డెంగీ సంగతి చూసే అధికారిని జిల్లా మలేరియా అధికారి అనే పిలుస్తారు. పేరుదేముంది అనుకోవచ్చు, కానీ పేరుతో పాటు అలవాట్లు కూడా వచ్చాయి: గోడలకి మందు కొట్టడం, రాత్రికి దోమతెర, నీళ్లు నిలిచిన గుంటలో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు) వేయడం. పగలు మంచం కింద నక్కి ఉండే దోమకి ఇవి పెద్దగా తగలవు. పగలు పడుకునే పసిపిల్లలకీ, జ్వరంతో మంచం పట్టిన మనిషికీ మాత్రం దోమతెర నిజంగా పనికొస్తుంది, ఆ మాట ఎందుకో ఎవరూ గట్టిగా చెప్పరు.

డ్రమ్ములో ఏం జరుగుతుందంటే

కుళాయి నీళ్లు రోజూ రాని వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము ఉంటుంది. దాని లోపలి గోడని టార్చి వేసి చూస్తే, నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్నచోట, మసి రాలినట్టు నల్లటి చుక్కలు కనబడొచ్చు. అవి గుడ్లు. ఆడదోమ ఒక విడతకి వంద దాకా పెడుతుంది, అన్నీ ఒకేచోట కాకుండా కొన్ని డ్రమ్ములో, కొన్ని పూలకుండీ కింద ప్లేటులో, కొన్ని పక్కింటి తొట్టిలో. నీళ్లు మళ్లీ పట్టినప్పుడు మట్టం పైకొచ్చి గుడ్లని తడుపుతుంది, అవి పగులుతాయి. వాటిలోంచి వచ్చే పిల్ల పురుగులు, అంటే లార్వాలు, నీటి పైపొరకి తోక ఆనించి తలకిందులుగా వేలాడుతూ గాలి పీల్చుకుంటాయి, డ్రమ్ము మీద చేత్తో ఒక్క దెబ్బ వేస్తే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. ఇక్కడి వాతావరణంలో గుడ్డు దోమై ఎగిరిపోవడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది.

శుక్రవారం డ్రైడే అనే పద్ధతి వెనక ఉన్న లెక్క ఇదే. వారానికోసారి పాత్రలన్నీ ఖాళీ చేస్తే ఏ లార్వా కూడా రెక్కలు వచ్చేదాకా బతకదు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది పట్టించుకోనిది. నీళ్లు పారబోసి డ్రమ్ముని బోర్లించినంత మాత్రాన గోడకి అంటుకున్న గుడ్లు పోవు. ఎండిపోయి కూడా అవి నెలల తరబడి బతికుంటాయి. వేసవంతా ఖాళీగా పడున్న తొట్టిలో తొలివానకే దోమలు పుట్టుకొచ్చేది అందుకే. కొబ్బరి పీచు పెట్టి లోపలి గోడని గట్టిగా రుద్ది కడిగితేనే గుడ్లు రాలతాయి.

డ్రమ్ము ఒక్కటే అనుకుంటే పొరపాటు. మిక్సీ వచ్చాక పెరట్లో ఓ మూలకి చేరిన రోలు, ఫ్రిజ్ వెనక నీళ్లు కారే ట్రే, సీజన్ అయిపోయాక అటకెక్కని ఎయిర్‌కూలర్, పిట్టల కోసం డాబా మీద పెట్టిన మూకుడు, పాత టైర్లు, అలిపిరి వైపు తాగి పడేసిన కొబ్బరిబొండాలు, కడుతున్న అపార్టుమెంటులో లిఫ్టు కోసం తవ్విన గుంట, క్యూరింగ్ కోసం స్లాబు మీద కట్టిన నీళ్లు. తిరుపతిలాంటి యాత్రల ఊళ్లో ఇంకోటి కూడా కలుస్తుంది, వారాల తరబడి తెరవని లాడ్జి గదుల్లో మూత సరిగా లేని ఫ్లష్ ట్యాంకులు.

మరి నీళ్లు నిలవ పెట్టుకోవద్దని జనానికి చెప్పగలమా? చిత్తూరు టౌనులో కరువు సంవత్సరాల్లో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన వాళ్లకి ఆ మాట చెబితే నవ్వుతారు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియనివాళ్లు ఎన్ని డ్రముల్లో పడితే అన్ని డ్రముల్లో నింపుకుంటారు, వారానికోసారి పారబోయమంటే ఎలా పోస్తారు? కాబట్టి డెంగీని ఒక్క శుభ్రత సమస్యగా చూస్తే విషయం సగమే అర్థమవుతుంది, మిగతా సగం నీటి సరఫరా. బిగుతైన మూత గానీ, అంచు చుట్టూ తాడుతో కట్టిన గుడ్డ గానీ దోమని ఆపుతుంది. వదులుగా కప్పిన రేకు ఆపదు, లోపల చీకటి చేసి దోమకి ఇంకా అనువుగా మారుస్తుంది.

వాన లెక్క మన దగ్గర వేరు

ఉత్తర తెలంగాణలోనో ఉత్తరాంధ్రలోనో ప్రధానంగా నైరుతి రుతుపవనాల వానే. తిరుపతి, చిత్తూరు వైపు నైరుతితో వాన అయిపోదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా ఈశాన్య రుతుపవనాలతోనూ బంగాళాఖాతం వాయుగుండాలతోనూ పెద్ద వానలు వస్తాయి. 2021 నవంబరు వరదలు గుర్తున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కుండపోత వాన డ్రమ్ముల్లో లార్వాల్ని కొట్టుకుపోనిస్తుంది కూడా, కానీ అది ఆగి ఎండ కాసిన పది రోజులకి పరిస్థితి తిరగబడుతుంది, ఊరంతా చిన్నచిన్న పాత్రల్లో నీళ్లు మిగిలిపోతాయి కదా. అందుకే ఇక్కడ జాగ్రత్త ఆగస్టు, సెప్టెంబరుతో ముగిసే వ్యవహారం కాదు.

వాతావరణం ఇంకో రకంగానూ లెక్కలోకొస్తుంది. డెంగీ మనిషిని కుట్టిన దోమ ఆ క్షణం నుంచే ప్రమాదకరం కాదు. వైరస్ దాని కడుపులోంచి లాలాజల గ్రంథుల దాకా చేరడానికి 8 నుంచి 12 రోజులు కావాలి. దోమ ఆయుష్షే రెండు నుంచి నాలుగు వారాలు. అంటే చాలా దోమలు వైరస్ పండకముందే చచ్చిపోతాయి. వెచ్చగా ఉంటే ఈ గడువు తగ్గుతుంది, మరీ మే నెల రేణిగుంట ఎండలా మాడిపోతే దోమే బతకదు. వాన పడి, ఉక్కపోతగా, పాతిక ముప్పై డిగ్రీల మధ్య ఉండే రోజులు దోమకీ వైరస్‌కీ రెండింటికీ కుదురుతాయి.

దోమ వంద, రెండొందల మీటర్లు దాటి పోవడం తక్కువ. మరి వైరస్ ఊళ్లు ఎలా దాటుతోంది? మనుషులతో. జ్వరం మొదలవడానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే రక్తంలో వైరస్ ఉంటుంది. పైగా సోకినవాళ్లలో నలుగురిలో ఒకరికే జబ్బు లక్షణాలు కనబడతాయి, మిగతావాళ్లు మామూలుగా తిరుగుతూనే దోమలకి వైరస్ అందించగలరు. రోజుకి అరవై డెబ్బై వేల మంది కొండెక్కి దిగే ఊళ్లో ఎవరు ఏ ఊరి నుంచి వైరస్ తెచ్చారు, ఎవరు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లారు అని తేల్చడం అయ్యే పని కాదు. ఇక్కడ దోమ కుట్టిన యాత్రికుడికి జ్వరం వచ్చేది 4 నుంచి 10 రోజుల తర్వాత, అప్పటికి ఆయన తన ఊళ్లో ఉంటాడు.

పొగబండి కనిపించే పని

ఫాగింగ్ పొగ చంపేది ఎగురుతున్న దోమల్నే. నీళ్లలోని లార్వాకి, గోడ మీది గుడ్లకి దాని వాసన కూడా తగలదు. ఏడిస్ దోమ విశ్రాంతి తీసుకునేది ఇంటి లోపల, మంచం కింద, కొక్కేలకి వేలాడే బట్టల వెనక, బీరువా సందులో. పొగబండి వీధిలోకి రాగానే మనం చేసే మొదటి పని తలుపులు, కిటికీలు మూసేయడం. మందు ఆ మూసిన తలుపుల బయటే ఆగిపోతుంది, దోమ లోపల క్షేమం. ఇక ఆ పొగ ప్రభావం గంటల్లోనే పోతుంది, మర్నాడు కొత్త దోమలు పుడతాయి. కేసులు ఒక్కసారిగా పెరిగిన చోట, ఇంటి లోపలికి కూడా మందు చేరేట్టు చేస్తే, వైరస్ ఉన్న ముదురు దోమల్ని తగ్గించడానికి ఫాగింగ్‌కి ఒక పాత్ర ఉంది. అయినా జనం అడిగేది, నాయకులు జెండా ఊపి ప్రారంభించేది పొగబండినే. డ్రమ్ములోకి టార్చి వేసి చూసే ఆశా కార్యకర్తకి ఫొటో ఎవరు తీస్తారు?

సచివాలయ సిబ్బంది, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి తొట్లలో పోసే టెమిఫాస్ మందుది ఇంకో కథ. అబేట్ అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము మోతాదు మించకపోతే తాగేనీళ్లలో కూడా వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతించింది. కానీ చెప్పకుండా పోసిపోతే వాసనకి భయపడి ఆ నీళ్లు పారబోసేవాళ్లే ఎక్కువ. రెండు నిమిషాలు నిలబడి వివరించడం కూడా మందులో భాగమే అనుకోవాలి. నీళ్లు మార్చని బావుల్లో, పెద్ద తొట్లలో గంబూసియా చేపలు వదలడం తేలిక, అవి లార్వాల్ని తినేస్తాయి. చెరువుల్లోకి వదిలితే మాత్రం అక్కడి చేపపిల్లల్ని కూడా మిగల్చవు.

రెండోసారి ఎందుకు భయం

డెంగీ వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ దాదాపు జీవితాంతం రాదు. మిగతా మూడింటి నుంచి రక్షణ కొద్ది నెలలే. తర్వాత వేరే రకం సోకినప్పుడు, పాత రకం మీద తయారైన యాంటీబాడీలు కొత్త వైరస్‌కి అతుక్కుంటాయి గానీ దాన్ని చంపలేవు, పైగా అది రక్తకణాల్లోకి దూరడానికి చెయ్యిపట్టి తీసుకెళ్తాయి. కాపలావాడే దొంగకి తలుపు తీసినట్టు. రెండోసారి వచ్చే డెంగీ ముదిరే అవకాశం ఎక్కువ అనడానికి మూలం ఇది.

దీనికి క్యూబా అనుభవం కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 1977లో అక్కడ ఒకటో రకం పెద్దగా ప్రాణనష్టం లేకుండా వచ్చిపోయింది. 1981లో రెండో రకం వచ్చింది, 3.44 లక్షల కేసులు, 158 మరణాలు. ఆ దేశం ఇంటింటికీ తిరిగి నీటి పాత్రల మీద పడి నాలుగు నెలల్లో దాన్ని అణిచింది, పదిహేనేళ్లకు పైగా డెంగీ లేకుండా గడిపింది. 1997లో అక్కడి శాంటియాగో నగరంలో మళ్లీ రెండో రకమే వచ్చినప్పుడు జబ్బు ముదిరినవాళ్లు దాదాపు అందరూ పెద్దవాళ్లే, ఇరవై ఏళ్ల కిందట ఒకటో రకం సోకినవాళ్లు. 1977 తర్వాత పుట్టిన పిల్లలకి అది మొదటిసారే కాబట్టి అంత ముదరలేదు.

మన ప్రాంతానికి డెంగీ కొత్తదేమీ కాదు. చిత్తూరుకి గంట ప్రయాణం దూరంలోని వేలూరు జిల్లాలో 1956లోనే ఈ జబ్బు నమోదైంది. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, ఊళ్లు పెరిగాయి, ప్లాస్టిక్ పెరిగింది, నాలుగు రకాలూ దేశంలో తిరుగుతున్నాయి. 2023లో దేశం మొత్తంగా నమోదైన కేసులు సుమారు 2.89 లక్షలు.

ప్లేట్‌లెట్ల మీదే కళ్లన్నీ

ఇంట్లో డెంగీ అనగానే మొదటి ప్రశ్న, కౌంట్ ఎంత? మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు డెంగీలో పడిపోతాయి, నిజమే. అయితే ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా ఆ అంకె కాదు. రక్తనాళాల గోడలు వదులై లోపలి ద్రవం బయటికి కారిపోవడం అసలు సమస్య. ద్రవం పోతే రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. దాన్ని పట్టిచ్చేది రిపోర్టులో పీసీవీ అని ఉండే ఇంకో అంకె, రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే హిమటోక్రిట్. అది పెరుగుతూ ప్లేట్‌లెట్లు వేగంగా తగ్గుతుంటే డాక్టర్లు జాగ్రత్త పడతారు.

ఇది మొదలయ్యే సమయం మనవాళ్ల అంచనాకి తలకిందులు. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగేటప్పుడు. ఒళ్లు చల్లబడింది, గండం గడిచిందని ఇంటికి తీసుకెళ్లిపోతారు, ఆ తర్వాతి ఒకట్రెండు రోజుల్లోనే కడుపులో ఆగని నొప్పి, వరసగా వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, మత్తుగా ఉండటం లేదా విపరీతమైన చిరాకు కనబడితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. వేళకి ద్రవాలు సరిగా ఎక్కిస్తే మరణాలు నూటికి ఒకటి కంటే తక్కువే. ఎక్కువమందికి గంజి, ఓఆర్ఎస్, కొబ్బరినీళ్లు, విశ్రాంతి, పారాసిటమాల్ సరిపోతాయి. ఒళ్లునొప్పులకని బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ప్లేట్‌లెట్లు ఎక్కించడం గురించి సింగపూర్, మలేసియాల్లో పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. కౌంట్ 20 వేలు, అంతకన్నా తక్కువ ఉన్నా రక్తస్రావం లేనివాళ్లకి ముందుజాగ్రత్తగా ఎక్కించడం వల్ల రక్తస్రావాలేమీ తగ్గలేదని అందులో తేలింది. కానీ రాత్రిపూట దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో పరుగులు పెట్టే కుటుంబానికి ఈ సంగతి ఎవరు చెబుతారు, చెప్పినా ఆ టెన్షన్‌లో ఎవరు వింటారు. బొప్పాయి ఆకురసం కౌంట్‌ని కొంత పెంచుతుందని చిన్న పరిశోధనలు చెప్పాయి, ప్రాణాలు కాపాడుతుందని రుజువు కాలేదు. ఏడెనిమిది రోజులకి కౌంట్ దానంతటదే పెరుగుతుంది, ఆ రోజు ఏం తాగి ఉంటే దానికి పేరొస్తుంది.

అంకెలు ఎందుకు కలవవు

ప్రైవేటు ఆస్పత్రిలో కార్డు టెస్టు పాజిటివ్ అంటారు, ప్రభుత్వ లెక్కలో ఆ కేసు ఉండదు. దాచేశారనే అనుమానం వెంటనే వస్తుంది. ఒక కారణం సాంకేతికమైనది. కార్డు టెస్టుని అనుమానిత కేసుగానే తీసుకుంటారు, ల్యాబులో చేసే ఎలైసా అనే రక్తపరీక్షలో తేలితేనే ఖాయమైన కేసు. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) చూడాలి, రోజు తప్పితే డెంగీ ఉన్నా నెగెటివ్ రావచ్చు. చిత్తూరు వాళ్లు చాలామంది వేలూరు ఆస్పత్రులకి వెళ్తారు, ఆ సమాచారం రాష్ట్రం దాటి వెనక్కి రావాలి.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె వైపు మండలాలు ఇంకో జిల్లాలోకి వెళ్లాయి. 2019లో చిత్తూరు జిల్లా అంకెని ఇప్పటి చిత్తూరు అంకె పక్కన పెట్టి కేసులు తగ్గాయనడం, చీరలో సగం చింపి పొడవు తగ్గిందన్నట్టే.

టీకా, బ్యాక్టీరియా, మళ్లీ డ్రమ్ము

డెంగీకి టీకా ఎందుకు ఆలస్యమవుతోందన్నదానికి జవాబు ఆ నాలుగు రకాల చిక్కులోనే ఉంది. నాలుగింటి మీదా సమానంగా పనిచేయని టీకా, మొదటి ఇన్‌ఫెక్షన్ చేసే పనే చేయొచ్చు, అంటే తర్వాత వచ్చే డెంగీ ముదిరేట్టు చేయొచ్చు. ఫిలిప్పీన్స్‌లో లక్షల మంది పిల్లలకి డెంగ్‌వాక్సియా అనే టీకా వేశాక, అంతకుముందు డెంగీ రానివాళ్లలో అది ముప్పు పెంచవచ్చని 2017లో తయారీ సంస్థ సనోఫీయే ప్రకటించింది. తకేడా కంపెనీ క్యూడెంగా టీకాకి 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), పానేసియా బయోటెక్ కంపెనీ కలిసి డెంగీఆల్ అనే ఒక్క డోసు టీకాకి 2024 ఆగస్టులో మూడో దశ పరీక్షలు మొదలుపెట్టాయి, దాదాపు పది వేల మంది మీద.

ఇంకో దారి వోల్బాకియా. చాలా పురుగుల్లో సహజంగా ఉండే ఈ బ్యాక్టీరియాని ఏడిస్ దోమలోకి ఎక్కిస్తే వైరస్ దానిలో సరిగా పెరగదు, ఆ గుణం పిల్లలకీ పోతుంది. ఇండొనేషియాలోని యోగ్యకర్తలో ఇలాంటి దోమల్ని వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గినట్టు 2021లో ఫలితాలు వచ్చాయి. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా ఇలాంటి దోమల్ని తయారుచేసింది. కాకపోతే డెంగీ తగ్గించడానికి ఊళ్లోకి దోమల్ని వదులుతామంటే వార్డు మీటింగులో ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సింగపూర్‌లో ఇంట్లో లార్వా దొరికితే జరిమానా వేస్తారు. అంత కట్టడి ఉన్న చోట కూడా 2020లో 35 వేలకు పైగా కేసులు వచ్చాయి. దశాబ్దాల పాటు డెంగీని తగ్గించడం వల్ల జనంలో రోగనిరోధక శక్తి తక్కువగా ఉండటం, ప్రబలిన వైరస్ రకం మారడం, కొవిడ్ లాక్‌డౌన్‌లో అందరూ పగలు ఇళ్లలోనే ఉండటం కలిసొచ్చాయి.

ఇక్కడ డ్రైడే రోజు తిరిగే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త కొట్టే తలుపుల్లో కొన్ని తెరుచుకోవు, ఉద్యోగాలకి వెళ్లిపోయి ఉంటారు. డాబా మీద ట్యాంకు మూత ఊడి ఎన్నాళ్లయిందో ఇంటివాళ్లకే తెలియదు. గేటుకి తాళం వేసి బెంగళూరు వెళ్లిపోయినవాళ్ల పెరట్లో రోలు ఎవరు బోర్లిస్తారు, ఆ బరువుకి అది బోర్లదు కూడా, అందులో ఇసుక నింపేయాలి. ఆదివారం రాత్రి వాన పడితే ఆ పై వారం మంగళవారానికి ఆ రోట్లోంచి దోమలు లేస్తాయి, వాటికి అందే దూరంలో ముప్పై నలభై ఇళ్లుంటాయి.